అప్‌డేట్: శ్వాస మీద ధ్యాస పెడితే గుండె దడ – నడక ధ్యానం కుదిరింది

కళ్లు మూసుకుని ఊపిరిని గమనిస్తుంటే దడ, ఆయాసం వస్తున్నాయని, నాకు సరిపడే ధ్యానం చెప్పమని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

ఈసీజీ, థైరాయిడ్ పరీక్షలు నార్మల్. ఆందోళన ఉన్న కొందరికి ఊపిరిని గమనిస్తే టెన్షన్ ఇంకా పెరుగుతుందని, అరికాళ్ల మీద దృష్టి పెట్టమని సైకాలజిస్ట్ చెప్పారు. మీలో ఒకరు చెప్పిన నడక ధ్యానం సరిగ్గా అదే! డాబా మీద చెప్పుల్లేకుండా, కళ్లు తెరిచే మెల్లగా నడుస్తాను. మడమ ఆనడం, బరువు ముందుకు జరగడం, వేళ్లు లేవడం గమనిస్తాను. ఆలోచన ఎటో పోతే మళ్లీ పాదం దగ్గరికి రావడమే. దడ రావడం లేదు, నిద్ర కూడా బాగా పడుతోంది.

పద్మాసనం, కొత్త యాప్‌ల వల్ల తేడా ఏమీ రాలేదు. పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరంలో మొదట చేయించేది ఆనాపానే, అంటే శ్వాసను గమనించడమే. అందుకే ఆ శిబిరం ఇప్పట్లో వద్దని సైకాలజిస్ట్ అన్నారు.