నచ్చిన సంగీతం నలుగురికి వినిపించాలంటే: కచేరీ రికార్డింగా, స్టూడియోదా?

మారేడ్‌పల్లి శ్రోత:
నెలకోసారి మా ఇంట్లో కూర్చుని పాశ్చాత్య శాస్త్రీయం, ఒపెరా, జాజ్ ఎవరికి నచ్చింది వాళ్లు వినిపిస్తాం. ఇక మీదట కచేరీలో రికార్డు చేసినవే తేవాలని ఒకాయన పట్టుబట్టారు. నేనూ ఆయన వైపే. 1975 జనవరి 24న కొలోన్ ఒపెరా హౌస్‌లో జాజ్ పియానో వాద్యకారుడు కీత్ జారెట్‌కి దొరికింది అడిగిన పియానో కాదు, రిహార్సల్స్‌కి వాడే చిన్నది. పై స్వరాలు రేకు డబ్బా మోత, కింది స్వరాలకు బలం లేదు. అందుకే చాలాసేపు మధ్య స్వరాల్లోనే తిరుగుతూ, ఎడమచేత్తో అదే వరసను తిప్పి తిప్పి వాయించాడు. మంచి పియానో ఉంటే ఆ సంగీతం పుట్టేదా?

నల్లకుంట వీణ:
పుట్టేది కాదు. కానీ అట్ట మీద లైవ్ అని ఉంటే నమ్మేయడమేనా సార్? 1956లో అమెరికాలోని న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో డ్యూక్ ఎలింగ్టన్ బృందంలోని పాల్ గోన్సాల్వెస్ శాక్సఫోన్ మీద 27 కోరస్‌లు (పాట వరస ఒక చుట్టు తిరిగితే ఒక కోరస్) ఏకబిగిన వాయిస్తే జనం ఊగిపోయారు. ఆయన నిలబడింది మాత్రం వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో వాళ్ల మైకు ముందు! ఆల్బమ్ తీసిన కొలంబియా కంపెనీ టేపులో ఆ సోలో ఎక్కడో దూరంగా పడింది. పైగా ఆల్బమ్‌లో కొంత తర్వాత స్టూడియోలో మళ్లీ వాయించి, చప్పట్లు అతికించారు. రెండు టేపులూ కలిపి అసలు కచేరీని విడుదల చేసింది 1999లో. అన్నేళ్లూ అతికించిన చప్పట్లకే తలలూపాం.

మెహదీపట్నం భయ్యా:
రవీంద్రభారతిలో తని (మృదంగం వాళ్ల సోలో) మొదలవగానే క్యాంటీన్‌కి పరుగెత్తేవాళ్లం. మనకి కచేరీ మీద ఇంత భక్తి ఎప్పుడొచ్చిందో!

తార్నాక ఒపెరా:
ఈ రూలు పెడితే నేను రాను. 1953లో డి సబాటా ఆర్కెస్ట్రాని నడిపించిన పుచ్చీని ఒపెరా టోస్కా స్టూడియో రికార్డింగే. మొదటి అంకం చివర చర్చిలో బృందగానం, ఆర్గన్, గంటలు, ఫిరంగి మోత. అంత రొదలోనూ విలన్‌గా పాడిన టిటో గోబి పలికే ఒక్కో మాట తెలుస్తుంది. థియేటర్లో వెనక వరసలో అది దక్కుతుందా? అలాగని కచేరీని కాదనను. 1964లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో టోస్కాగా గాయని మరియా కలాస్, విలన్‌గా గోబి చేసిన రెండో అంకం ఫిల్మ్ ఉంది. అప్పటికి ఆమె గొంతు అరిగింది. అయినా బల్ల మీద కత్తి కంటబడినప్పుడు ఆమె చూపు చూడండి, గొంతు సంగతి గుర్తుకు రాదు.

మారేడ్‌పల్లి శ్రోత:
భయ్యా, తనికి లేచేవాళ్లలో నన్ను కలపకండి. మేడం, మీరు రెండూ తెండి, రూలు జాజ్ వరకే ఉంచుదాం. వీణగారూ, ఆ 1999 సీడీ మీ దగ్గరుందా?

నల్లకుంట వీణ:
ఉంది. జాజ్‌కి కూడా రూలు ఎత్తేస్తేనే తెస్తాను.