తిక్కన మీద ఇంకా పీహెచ్‌డీ చేయాలా, నాట్ల పాటల మీద చేయాలా?

కావలి స్కాలర్:
ఎంఏ తెలుగు అయిపోయింది, పీహెచ్‌డీ సీటు వచ్చింది, వచ్చే నెలలో సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) ఇవ్వాలి. గైడ్ గారేమో "నెల్లూరు పిల్లవి, తిక్కన మీద చెయ్యమ్మా, మెటీరియల్‌కి కొదవుండదు" అంటున్నారు. నాకు బుచ్చిరెడ్డిపాళెం దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో నాట్ల పాటలు సేకరించి వాటి మీద చేయాలని ఉంది. పోయిన ఎండాకాలం సెలవుల్లో అమ్మమ్మ పాడుతుంటే ఫోన్లో రికార్డు చేశాను. 11 పాటలు వచ్చాయి, పన్నెండోది మధ్యలో ఆపేసి "ఆ తర్వాత చరణం మీ పెద్దమ్మదే" అంది. పెద్దమ్మ పోయి రెండేళ్ళయింది. అప్పటి నుంచి నాకు ఇదే ధ్యాస. మీరేమంటారు?

ఒంగోలు పాఠకుడు:
ఇందులో ఆలోచించడానికేముందమ్మా, పాటలే. తిక్కన ఎక్కడికీ పోడు, విరాటపర్వం పదేళ్ళ తర్వాత తీసినా అలాగే ఉంటుంది. మీ అమ్మమ్మ ఉండొద్దూ? మా వైపు ఎర్రన మీద కూడా ఇదే తంతు, అరణ్యపర్వ శేషం గురించి చెప్పిందే చెప్పి ఎన్ని థీసిస్‌లు వచ్చాయో. పాటలు సాహిత్యమేనా అని ఎవరన్నా అడిగితే, జానపద గేయాల మీద బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి అరవై ఏళ్ళు దాటిందని చెప్పు.

పెన్న గట్టు:
ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి. నేను ఒక రచయిత కథల మీద "సమగ్ర పరిశీలన" చేశాను. జీవితం ఒక అధ్యాయం, వస్తువు ఒకటి, పాత్రలు ఒకటి, శైలి ఒకటి, చివర ముగింపు, నాలుగేళ్ళు అదే పని. వైవాలో, అంటే చివరి మౌఖిక పరీక్షలో, పెద్దాయన ఒకరు థీసిస్ మూసి పక్కన పెట్టి "నీకు మొదట్లో తెలియనిది, ఇప్పుడు తెలిసింది ఏంటి?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. డిగ్రీ వచ్చింది గానీ ఆ ప్రశ్న ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది. అందుకే చెప్తున్నా, తిక్కనా పాటలా అన్నది తర్వాత సంగతి, ముందు నువ్వు దేన్ని తెలుసుకోవాలనుకుంటున్నావో ఒక్క వాక్యంలో రాయి.

తిక్కన అయిపోయాడనడం మాత్రం తప్పు. నిర్వచనోత్తర రామాయణంలో ఒక్క వచనం లేకుండా మొత్తం పద్యాల్లోనే నడిపించాడు. అదే మనిషి భారతంలో విరాటపర్వం నుంచి 15 పర్వాలు రాసేటప్పుడు మళ్ళీ వచనం పట్టుకున్నాడు. ఎందుకు? ఎవరు మాట్లాడేటప్పుడు పద్యం, ఎక్కడ వచనం? ఉద్యోగపర్వం ముందేసుకొని పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటూ పోతే అదొక్కటే మంచి థీసిస్.

పాటల సంగతికొస్తే, వంద పాటలు ఎక్కించి అర్థాలు రాస్తే అది సంకలనం అవుతుంది, అవసరమే, కాదనను, కానీ థీసిస్ కాదు. అయితే అమ్మాయీ, నీ ప్రశ్న నువ్వే రాసేశావు, చూసుకోలేదు. ఆ చరణం పెద్దమ్మదే ఎందుకయింది? మడిలో ఎత్తుకునే మనిషి ఒకరు, అందుకునేవాళ్ళు ఇంకొకరు. పాట ఏ ఒక్కరి దగ్గరా పూర్తిగా లేకుండా నలుగురిలో పంచి ఉంటే, మనం "పాఠం" (టెక్స్ట్) అని పిలిచేది ఎక్కడుంది? ఒకరిని కూర్చోబెట్టి పాడించుకున్న రికార్డింగుల్లో ఎంత జారిపోయింది? దీని కోసం మూడేళ్ళు పెట్టొచ్చు.

గూడూరు నుంచి:
అన్నీ బాగున్నాయి సార్, గైడ్‌ని కాదని బతికేదెట్లా? 2022 యూజీసీ నిబంధనల ప్రకారం కనీసం 3 ఏళ్ళు, ఎక్కువంటే 6 ఏళ్ళు. అన్నేళ్ళు ఆయన సంతకం లేకుండా ఒక్క కాగితం కదలదు. ఇప్పుడు నాట్లు చాలాచోట్ల గుత్తకిచ్చేస్తున్నారు, ముఠా వచ్చి ఒక్క రోజులో నాటి పోతుంది, పాట ఎక్కడ వినపడుతుంది? ఎడగారు పంటకి నీళ్ళు రాని సంవత్సరం అసలు నాట్లే ఉండవు. ఫీల్డ్ వర్క్ ఆగిపోతే ఆ అమ్మాయి గతేంటి? ఉద్యోగం చూసుకోవాల్సిన పిల్లని టెన్షన్‌లో పెట్టకండి.

పెన్న గట్టు:
ఈ భయం నిజమే, తీసిపారేయను. అందుకే సినాప్సిస్ ఇచ్చే ముందే పది రోజులు ఊళ్ళో తిరిగి రమ్మంటా. మనుషులు దొరక్కపోతే అప్పుడే తెలిసిపోతుంది. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం 1918 నాటిది, పాత పత్రికలు బోలెడున్నాయి, ఎవరైనా మన వైపు నాట్ల పాటలు అచ్చు వేశారేమో అక్కడ చూడు, కావలిలో రైలెక్కితే నేరుగా దిగొచ్చు. గైడ్‌తో వాదన పెట్టుకోవద్దు, దొరికింది చూపించు.

కావలి స్కాలర్:
ఆదివారం ఊరెళ్ళాను. పెద్దమ్మతో నాట్లకు పోయినవాళ్ళు ఇంకా ఇద్దరున్నారు. ఒకామెకి ఆ చరణం మొదలు రాదు, చివరి రెండు ముక్కలే వచ్చు. "నాది అందుకునే వరస పాపా, ఎత్తుకునేది ఎప్పుడూ ఆమే" అంది. అమ్మమ్మని పక్కన కూర్చోబెడితే ఇద్దరూ కలిసి పాడారు, మధ్యలో ఒక పాదం ఖాళీగా వదిలేసి, సరిగ్గా అంతసేపు ఆగి, మళ్ళీ అందుకున్నారు. అది రికార్డయింది. రేపు గైడ్ గారికి వినిపిస్తున్నాను.