సమస్య: విధుల నెగ్గొట్టువాఁడె వివేకి యగును

తిరుపతి నుంచి నిర్వాహకుడు: ఈసారి ఇచ్చిన పాదం తేటగీతి అనే ఛందస్సులోది; ఇదే ఆఖరి పాదంగా పద్యం అల్లాలి. యతి (పాదం మొదటి అక్షరానికి తర్వాత జతగా కుదరాల్సిన అక్షరం) వి–వే. 'ఎగ్గొట్టు' అనే క్రియను దాని సొంత అర్థంలో నిలబెట్టి పూరించండి. బడి ఎగ్గొడతాం, అప్పు ఎగ్గొడతాం, బాడుగ ఎగ్గొడతాం. పత్రికలు 'పన్ను ఎగవేత' అని రాసేదీ ఇదే.

చిత్తూరు నుంచి:

పనికి రాకనె జీతంబుఁ బడసి, సాటి
వారి నెత్తిన బరువెల్ల వదలి, పిదప
సోమరియె పల్కు నీమాట చూపి తెలివి:
"విధుల నెగ్గొట్టువాఁడె వివేకి యగును"

నిర్వాహకుడు: సమస్యను సోమరి నోట పెట్టడం పాత దారే, అయినా ఎత్తుగడ బాగుంది. 'పనికి రాకనె' అన్నచోట రెండర్థాలూ పలికాయి. పేచీ రెండో పాదంతోనే. బరువును ఒకరి నెత్తిన వేస్తాం, మోపుతాం; వదలం. యతి కోసం 'వదలి' పడినట్టుంది. 'బరువెల్ల వైచి, పిదప' అనండి. గణం (అక్షరాల లయ కొలత) చెడదు, వా–వై యతీ కుదురుతుంది.

చిత్తూరు: 'వైచి'తో పాదం నిలబడిందండీ. మార్చుకుంటున్నాను.

పుత్తూరు నుంచి: విధి అంటే తలరాత కూడా కదా. మార్కండేయుణ్ణి తీసుకున్నాను.

శివుని గొల్చి మృకండుని చిన్నవాఁడు
యముని పాశముఁ దప్పించె నాయు వొంది;
కాన, నొసటను వెలసిన కర్మమనెడు
విధుల నెగ్గొట్టువాఁడె వివేకి యగును

తిరుచానూరు నుంచి: అన్నా, మొదటి పాదం హాయిగా నడిచింది. కానీ తలరాతను తప్పించుకుంటాం గానీ ఎగ్గొట్టం. జ్వరం తప్పించుకోవచ్చు, ప్రమాదం తప్పించుకోవచ్చు. వాటిని ఎగ్గొట్టామని మా ఇళ్లల్లో ఎవరూ అనరు. ఎగ్గొట్టడానికి మనం బాకీ పడ్డ మనిషి అవతల ఒకరుండాలి. బడికి డబ్బు బాకీ లేకపోయినా హాజరు బాకీ ఉంది, అందుకే అక్కడ ఆ మాట చెల్లింది. మీ రెండో పాదంలో మీరే 'తప్పించె' అన్నారు చూడండి, అక్కడ సరైన మాటే పడింది. ఇంకొకటి, తలరాత ఒక్కటే. 'విధులు' అన్న బహువచనం దానికి అతకదు. నా పూరణ:

ధనదు నప్పుకు వడ్డిని దప్పకుండ
కట్టుచున్నాఁడు మనయేడు గట్లవాఁడు;
దేవుఁడే యట్లు బాకీని దీర్చుచుండ
విధుల నెగ్గొట్టువాఁడె వివేకి యగును?

నిర్వాహకుడు: అక్కా, 'ఏడు గట్లవాఁడు' చాలా నచ్చింది. పద్మావతమ్మ పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పు, వడ్డికాసులవాడన్న పేరు మన ఊళ్లో పిల్లలకూ తెలుసు. అప్పు, వడ్డి, బాకీ ముందే వచ్చాయి కాబట్టి నాలుగో పాదంలో క్రియ తన ఇంటికి వచ్చినట్టు కూర్చుంది. చివర ప్రశ్న స్వరంతో చదవాలి, అది చెల్లుతుంది. అయితే మూడో పాదంలో 'బాకీ' అని, వెంటనే 'విధులు' అన్నప్పుడు రెంటికీ ముడి కొంచెం వదులైంది. అప్పు తీర్చడమూ విధే అన్న సూచన ఒక్క మాటలో వచ్చుంటే బాగుండేది.

పుత్తూరు: అక్క మాట సబబే. కానీ ప్రాణం కూడా యముడికి కట్టాల్సిందేగా? మూడో పాదం ఇలా మారిస్తే:

కాలునకు నీయవలసిన కప్పమనెడు

తిరుచానూరు: ఇప్పుడు కుదిరింది అన్నా! కప్పం ఎగ్గొట్టేదే.

నిర్వాహకుడు: కా–క యతి సరి, క్రియా సరి. బహువచనం పట్టింపు మాత్రం అలాగే ఉంది. 'కప్పములను' అని పాదం తిప్పగలరేమో చూడండి.