శ్రీకాకుళం (సిక్కోలు) జిల్లా గురించి రాసేటప్పుడు వైవిధ్యమా, భిన్నత్వమా, బహుళత్వమా?

టెక్కలి తెలుగు టీచర్:
ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి జయంతికి మా స్కూల్లో గోడపత్రిక పెడుతున్నాం. 'సిక్కోలు భాషా వైవిధ్యం' అని శీర్షిక రాశాను. స్టాఫ్ రూంలో ఒకరు 'వైవిధ్యత' అనాలన్నారు, ఇంకొకరు 'భిన్నత్వం' అన్నారు, కొత్తగా వచ్చిన సోషల్ సార్ 'బహుళత్వం' పెట్టమన్నారు. అన్నీ ఒకటేలే, ఏదో ఒకటి పెట్టండని హెచ్ఎం గారు. నాకు మాత్రం ఒకటిగా అనిపించడం లేదు. మీరేమంటారు?

ఆమదాలవలస పండిట్, రిటైర్డ్:
'వైవిధ్యత' వద్దమ్మా. వివిధ అన్న మాట నుంచి భావార్థంలో పుట్టిందే వైవిధ్యం. దానిమీద మళ్ళీ 'త' దేనికి? నైపుణ్యత, ప్రావీణ్యత కూడా ఇదే బాపతు. భిన్నత్వం సంగతి వేరు. భిన్నం అంటే చీలినది, పగిలినది. లెక్కల్లో భిన్నాలు, మాటల్లో ఛిన్నాభిన్నం, భిన్నాభిప్రాయం అన్నీ ఆ కుదురువే. 'భిన్నత్వంలో ఏకత్వం' అన్నప్పుడు పక్కనున్న ఏకత్వం దాన్ని నిలబెడుతుంది. ఆ తోడు తీసేసి 'మా జిల్లా భిన్నత్వం' అంటే విడిపోవడమొక్కటే వినిపిస్తుంది.

పలాస కుర్రాడు:
మాస్టారూ, వాడుక భాష కోసం పోరాడిన మనిషి పుట్టినరోజునే వాడుక మాటను తప్పంటే ఎలాగండి? 'ప్రాముఖ్యత' అని పేపర్లన్నీ రాస్తున్నాయి, ఎవరికీ అర్థం చెడలేదు. అర్థం చెడుతున్నది వేరే చోట. సినిమా వాళ్ళు 'వైవిధ్యమైన పాత్ర' అంటారు. ఒక్క పాత్రలో వైవిధ్యం ఏముంటుంది? నటుడు పది రకాల పాత్రలు వేస్తే ఆ పదింటిలో ఉంటుంది. కొత్తగా ఉందని చెప్పడానికి ఈ మాట వాడివాడి, 'మామూలుగా లేనిది' అనే అర్థం తెచ్చేశారు. 'త' చేరినందుకంటే నాకు దీనికే ఎక్కువ బాధ.

నైరా అగ్రి స్టూడెంట్:
మా చదువులో ఈ మాటకు కొలత ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టంలోనూ ఇదే మాట. ఎన్ని జాతులున్నాయి అన్నదొకటి, ఏది ఎంత ఉంది అన్నది ఇంకొకటి, రెండూ చూడాలి. పొలంలో పది రకాలుండి నూటికి తొంభై వంతులు ఒకటే రకమైతే వైవిధ్యం ఎక్కువని మేము రాయం. ఉద్దానంలో కొబ్బరితో పాటు జీడి, పనస, మామిడి ఉన్నాయంటాం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరిని కూల్చేసినప్పుడు ఎవరి తోటలో ఏది ఎంత ఉందన్నదే ఆ ఇంటికి ముఖ్యమైంది. పేర్లు లెక్కపెట్టి వైవిధ్యం అనేయకండి.

సీతంపేట ఏజెన్సీ టీచర్:
తమ్ముడు చెప్పిన కొలత ఈ గోడపత్రికకే పెట్టి చూడండి. మాది ఇప్పుడు మన్యం జిల్లా, 2022 ఏప్రిల్ వరకు మనందరిదీ ఒకటే. తెలుగు, కువి ద్రావిడ భాషలు. ఇచ్ఛాపురం వైపు వినిపించే ఒడియా ఇండో ఆర్యన్. ఇక్కడి సవర గిరిజనుల భాష సవర, అది ముండా కుటుంబానిది. అంటే ఇంత చిన్న ప్రాంతంలో మూడు భాషా కుటుంబాలు! రకాల లెక్కలో ఇంతకన్నా ఏం కావాలి? కానీ బస్సు బోర్డు మీద, ఆసుపత్రి చీటీ మీద, బ్యాంకు ఫారం మీద సవర ఎక్కడుంది? వేదిక మీద మా పిల్లలు థింసా వేసినప్పుడు మాత్రం 'జిల్లా సాంస్కృతిక వైవిధ్యం' అని మైకులో చెబుతారు. తెలుగు పిల్లల పాటకు ఆ మాట వాడగా నేను వినలేదు. వైవిధ్యం అంటే మనమందరం కలిసి కాదు, 'వాళ్ళు' అన్నట్టయిపోయింది. 'భిన్నమైన సంస్కృతి గల సవరలు' అని రాస్తారు. ఎవరితో పోలిస్తే భిన్నం? అది కూడా రాయాలి కదా.

అందుకే నాకు బహుళత్వం ఇష్టం. ఒకటి మధ్యలో కూర్చుని మిగతావి చుట్టూ నిలబడ్డట్టు కాకుండా, అన్నీ పక్కపక్కన ఉన్నాయని చెబుతుంది. గిడుగు వారు చేసింది కూడా అదే కదండీ. తెలుగు కోసం ఆయన్ని తలుచుకుంటాం. పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకుని, 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు ఇచ్చారు. గోడపత్రికలో ఆ ముక్క లేకపోతే శీర్షిక ఏది పెట్టినా నాకు తృప్తి ఉండదు.

ఆమదాలవలస పండిట్, రిటైర్డ్:
తల్లీ, నీ బాధ న్యాయమైనది. మందు మాత్రం అది కాదంటాను. బహుళత్వం ఎక్కువ ఉన్నాయనే చెబుతుంది, సమానంగా ఉన్నాయని చెప్పదు. బహుళజాతి కంపెనీ అంటాం, బహుళ అంతస్తుల మేడ అంటాం. అందులో సమానత్వం ఏముంది? మంచి మాటను కొందరికే అంటగట్టడం తప్పయితే, ఆ మాటను తెలుగు పిల్లల పాటకు కూడా వాడదాం. మాటనే వదిలేసుకుంటే ఎలా?

పలాస కుర్రాడు:
ఈ ఒక్క విషయంలో మాస్టారి వైపే నేను. 'త' గురించి మాత్రం ఒప్పుకోను.

సీతంపేట ఏజెన్సీ టీచర్:
వాడతారా మాస్టారూ? ఈసారి కార్యక్రమంలో మైకు మీ చేతికి వస్తే తెలుగు పాట ముందు ఆ మాట అనండి. అప్పుడు నేను పట్టుబట్టను.

టెక్కలి తెలుగు టీచర్:
వైవిధ్యమే ఉంచుతున్నాను. కింద తెలుగు, సవర, ఒడియా, కువి పేర్లు ఒకే సైజు అక్షరాల్లో రాయిస్తాను. గిడుగు వారి సవర వ్యాకరణం, నిఘంటువు సంగతి మొదటి పేరాలోనే వస్తుంది. సీతంపేట మేడమ్ గారూ, మీ పిల్లల చేత నాలుగు సవర వాక్యాలు తెలుగు లిపిలో రాయించి పంపగలరా? అర్థం కూడా వాళ్ళనే రాయమనండి. ఒడియాకు ఇచ్ఛాపురం నుంచి ఎవరైనా ఉంటే ఇక్కడే చెప్పండి.