టీవీలో యూట్యూబ్ నడుస్తుంటే మీటరు ఎంత తిరుగుతోంది? చేసి చూసినవాళ్ళు చెప్పండి

పాలకొల్లు బుల్లోడు:
మా ఇంట్లో పొద్దున్న అయిదున్నరకి టీవీ మొదలవుతుంది. ఎవరూ చూడరు. అమ్మ యూట్యూబ్‌లో దేవుడి పాటలు పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. 55 అంగుళాల తెర మీద వెంకన్న బొమ్మ ఒక్కటే రెండు గంటలు కదలకుండా ఉంటుంది. మొన్న చెల్లి కాలేజీ నుంచి వచ్చి "అరగంట వీడియో చూస్తే కారులో ఆరు కిలోమీటర్లు తిరిగినంత పొగట అన్నయ్యా" అంది. అప్పట్నుంచి ఇంట్లో గొడవే. నిజంగా అంత ఉంటుందా? క్వాలిటీ 480కి దించితే సరిపోతుందా? నీతిపాఠాలు వద్దు, ఎవరైనా చేసి చూసి ఉంటే చెప్పండి.

బిట్టూ బైటూ:
ఆ కారు లెక్క ఫ్రాన్స్‌లోని షిఫ్ట్ ప్రాజెక్ట్ అనే పరిశోధన సంస్థ 2019లో చెప్పింది. బిట్లకీ బైట్లకీ (ఎనిమిది బిట్లు ఒక బైటు) మధ్య తికమక పడి ఎనిమిది రెట్లు ఎక్కువ చెప్పామని తర్వాత వాళ్ళే దిద్దుకున్నారు. తప్పు లెక్క ఊరంతా తిరిగింది, దిద్దుబాటు మాత్రం గుమ్మం దాటలేదు.

అంతర్జాతీయ ఇంధన సంస్థ 2020లో వేసిన లెక్కలో గంట వీడియోకి ప్రపంచ సగటు 36 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. ఐరోపాకి కార్బన్ ట్రస్ట్ అనే బ్రిటన్ సంస్థ 2021లో చెప్పింది 55 గ్రాములు. మీకు పనికొచ్చేది ఇంకోటుంది. ఇంధన సంస్థ లెక్క ప్రకారం వీడియోకి ఖర్చయ్యే కరెంటులో 72 శాతం మన చేతిలోనో గోడ మీదో ఉన్న పరికరానిదే. నెట్‌వర్కుది 23, వీడియోలు దాచి పంపే డేటా సెంటర్‌ది 5. 50 అంగుళాల టీవీ తినేది ల్యాప్‌టాప్‌కి అయిదు రెట్లు, ఫోనుకి వంద రెట్లు. కాబట్టి 480 సంగతి తర్వాత చూద్దాం, ముందు టీవీ సంగతి చూడండి.

మీటరు మామ (అనంతపురం):
బుల్లోడూ, గ్రాములు ఎవరి కంటికి కనపడతాయప్పా? మీ ఇంటి మీటరు దగ్గరికి పో. ఎర్ర లైటు మిణుకుమంటా ఉంటాది. పక్కనే 3200 అని రాసుంటాది. అంటే 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్ కాలినట్టు. ఫ్రిజ్, ఫ్యాన్లు, మోటారు అన్నీ ఆపేసి పది నిమిషాలు లెక్కపెట్టు. వచ్చిన అంకెని 1.9తో గుణిస్తే వాట్లు వస్తాయి.

మా ఇంట్లో నేను చూసింది: రౌటరు ఒక్కటే ఉంటే 5 మిణుకులు. టీవీ పెడితే 64. అంటే టీవీ వాటా 59, దగ్గర దగ్గర 110 వాట్లు. మెనూలోకి పోయి చూస్తే పిక్చరు "వివిడ్"లో ఉంది. షాపులో లైట్ల మధ్య మెరవాలని పెట్టినది, ఇంటికి తెచ్చినాక ఎవరూ మార్చలేదు. స్టాండర్డ్‌కి తెచ్చి, ఎనర్జీ సేవింగ్ ఆన్ చేసి మళ్ళీ లెక్కపెట్టినా. 41. రౌటరుది తీసేస్తే 36, అంటే 67 వాట్లు. రోజుకి అయిదు గంటలు చూస్తే నెలకి ఆరు యూనిట్ల పైనే మిగులు. మా ఆయమ్మ రెండు రోజులు "మబ్బుగా ఉందే" అనింది, మూడో రోజుకి మర్చిపోయింది.

శారద (విజయనగరం):
మీటరు మామగారూ, మీ మాట విని నిన్న మధ్యాహ్నం స్టూలేసుకుని మీటరు ముందు కూచున్నాను. ఎదురింటావిడ "ఏటమ్మా, కరెంటోళ్ళు వచ్చీసారా" అని అడిగింది. టీవీ ఆపేసి, రౌటరు కూడా తీసీసినా పది నిమిషాలకి 8 మిణుకులు వస్తున్నాయి! ఏదా అని ఇల్లంతా వెతికితే టీవీ వెనకాల డిష్ బాక్సు. మేం దాని రీచార్జి మానేసి ఆరు నెలలైంది, అన్నీ వైఫై మీదే చూస్తున్నాం. అది మాత్రం ప్లగ్గులోనే వెచ్చగా ఉంది. 15 వాట్లు, రాత్రీ పగలూ. నెలకి దాదాపు పదకొండు యూనిట్లు. మీ పిక్చరు మోడ్‌లో మిగిలిన దానికంటే ఎక్కువ ఈ చచ్చిన బాక్సు తినీసింది.

కాకా కరీంనగర్:
మంచిగ పట్టినవ్ అక్కా. మా రామగుండంల బొగ్గు కాలుడు కండ్లతోని చూస్తం కాబట్టి ఈ ముచ్చట మాకు జర దగ్గరిది. అదే ఎన్టీపీసీ చెరువు మీద 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నయ్, 2022 నుంచి పూర్తిగ నడుస్తున్నయ్. కానీ పొద్దుగూకినంక సోలార్ ఉండదు. మనం సీరియళ్ళు, సినిమాలు పెట్టేది గప్పుడే.

స్టాక్‌హోమ్ సుబ్బి:
ఇక్కడ స్వీడన్‌లో కరెంటు చాలావరకు నీటిది, అణువుది, గాలిది. మన దగ్గర గ్రిడ్‌లో యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంటే ఇక్కడ అందులో వీసమెత్తు. అందుకని నేను రాత్రంతా సినిమాలు చూసినా ఫర్వాలేదని మా ఆయన వాదన. కానీ పాత టీవీ బాగానే పనిచేస్తుంటే 65 అంగుళాలది కొందామన్నాడు. దాని తయారీ స్వీడన్ కరెంటుతో జరగదు కదా! ఫోన్లకైతే జీవితకాలపు కార్బన్‌లో ఎక్కువ భాగం తయారీలోనే అయిపోతుంది. వీడియో క్వాలిటీ దించి, రెండేళ్ళకోసారి ఫోను మార్చేవాళ్ళని చూస్తే నాకు డైట్ కోక్‌తో బిర్యానీ తినేవాళ్ళు గుర్తొస్తారు.

టవర్ తమ్ముడు:
సెల్ టవర్ల మెయింటెనెన్స్‌లో పనిచేస్తా. 480 గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా. టవరు ఖాళీగా ఉన్నా కరెంటు తింటూనే ఉంటుంది. మీరొక్కరు క్వాలిటీ దించినంత మాత్రాన ఆ రాత్రి దాని బిల్లు కదలదు. మాకు తలనొప్పి రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా. ఆ రద్దీని చూసే కొత్త పరికరాలు బిగిస్తారు, బిగించాక అవి పగలూ తింటాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ అప్పుడు మన దేశంలో పెద్ద వీడియో కంపెనీలు మొబైల్ నెట్‌వర్క్ మీద 480 దాటకుండా కట్టేశాయి, ఏప్రిల్ 14 దాకా. అది పర్యావరణం కోసం కాదు, నెట్‌వర్క్ కూలిపోకుండా. అయినా జనం పెద్దగా గోల చెయ్యలేదు. అరచేతిలో తెర మీద 480కి 1080కి తేడా ఎందరికి తెలుస్తుంది?

ఇంట్లో వైఫై ఉంటే సిమ్ డేటా మీద చూడకండి. ఒక జీబీకి మొబైల్ నెట్‌వర్క్ ఎక్కువ తింటుంది. మా వైపు కరెంటు పోతే టవరు డీజిల్ జనరేటర్ మీదికి వెళ్తుంది, ఆ పొగ ఏ లెక్కలోనూ నాకు కనపడలేదు. ఇక క్రికెట్. 2023 ప్రపంచకప్ ఫైనల్‌ని హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు, ఎవరి వీడియో వాళ్ళకి విడిగా పంపాలి. డిష్‌కైతే శాటిలైట్ సిగ్నల్ ఒకటే, ఎందరు పట్టుకున్నా అదే. శారద గారి బాక్సుని మరీ తిట్టకండి, మ్యాచ్ రోజు అదే నయం.

శారద (విజయనగరం):
మ్యాచ్ రోజు ప్లగ్గు పెడతాంలే తమ్ముడూ. ముందు రీచార్జి ఎవరు చేస్తారో చెప్పు.

బిట్టూ బైటూ:
బుల్లోడు అడిగిన దేవుడి పాటల గురించి. బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో సరిగ్గా ఇదే చూశారు. యూట్యూబ్‌ని పాటలపెట్టెలా వాడేవాళ్ళకి బొమ్మ లేకుండా ధ్వని మాత్రమే పంపితే ఏడాదికి లక్ష నుంచి అయిదు లక్షల టన్నులు మిగులుతుందన్నారు. 2016 వాడకం మీద వేసిన లెక్క అది. ఫోనులో యూట్యూబ్ యాప్‌ తెర ఆపి వినడం మాత్రం ఈరోజుకీ డబ్బు కట్టినవాళ్ళకే. నాకు దీని మీదే కోపం. మనల్ని లైట్లార్పమని చెప్పే ముందు ఆ బటన్ అందరికీ ఇవ్వొచ్చు కదా.

కాకా కరీంనగర్:
రాత్రి రౌటర్ బంద్ చేద్దామనుకున్న. ఏడు గంటలకు నెలకు రెండు యూనిట్లన్న మిగులుతయ్. గానీ సీసీ కెమెరా దాని మీదనే నడుస్తది, మా నాయిన ఒప్పుకోలే.

పాలకొల్లు బుల్లోడు:
అందరికీ దండాలు. మా టీవీ సెట్టింగ్స్‌లో "పిక్చర్ ఆఫ్" అని ఉంది, ఇన్నాళ్ళూ చూడలేదు. పాట నడుస్తుంది, తెర ఆరిపోతుంది. టీవీ వాటా 59 మిణుకుల నుంచి 9కి పడిపోయింది (మా టీవీ కూడా మామ గారి టీవీ లాంటిదే, వివిడ్‌లోనే ఉంది). పొద్దున్న రెండు గంటలకే నెలకి అయిదున్నర యూనిట్లు, అంటే దాదాపు నాలుగు కిలోల కార్బన్ డయాక్సైడ్.

అమ్మకి చూపిస్తే "స్వామి కనపడకపోతే పాటెందుకురా" అంది. మర్నాడు లేచి చూస్తే తెర చీకటిగానే ఉంది, దాని ముందు దేవుడి గదిలోంచి తెచ్చిన పటం, పక్కన అగరొత్తి. మసి తెరకి అంటుకుంటుందేమోనని ఇప్పుడు నా భయం.

శారద (విజయనగరం):
అగరొత్తి కొంచెం పక్కకి జరపమను బాబూ. మామగారూ, మా చెల్లి ఇంటి మీటరు మీద 6400 అని ఉందట. దానికి ఎంతతో గుణించాలి?

మీటరు మామ (అనంతపురం):
సగం. 0.95 అనుకోండమ్మా. ఆ మీటరు లైటు రెండింతలు తొందరగా కొట్టుకుంటాది, చూసి భయపడొద్దని చెప్పండి.