డెంప్‌స్టర్ హైవే మీద అద్దె ఆర్వీ: సముద్రం దాకా వెళ్లాలా, డాసన్‌లోనే ఆపాలా?

కాల్గరీ కాపురం: వచ్చే జూలైలో రాజమహేంద్రవరం నుంచి వస్తున్న అమ్మానాన్నలతో కెనడా ఉత్తరాన ఉన్న యూకాన్ వెళ్లాలనుకుంటున్నాము. అక్కడి డాసన్ పట్టణానికి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో మొదలయ్యే డెంప్‌స్టర్ హైవే మీద ఇనువిక్ పట్టణం చేరి, అక్కడి నుంచి 2017లో తెరిచిన రోడ్డు మీద టుక్టోయాక్‌టుక్‌లోని ఆర్కిటిక్ తీరం దాకా ఆర్వీలోనే (వంటిల్లు, పడకలు, మరుగుదొడ్డి ఉన్న బండి) వెళ్లవచ్చునా, లేక దానిని డాసన్‌లో ఆపి వేరే బండి తీసుకోవాలా? నాన్నగారి ఇన్సులిన్‌కు ఫ్రిజ్ కావాలి. అమ్మ బయటి తిండి ముట్టదు.

వైట్‌హార్స్ బాటసారి: నిరభ్యంతరంగా వెళ్లండి. అడుగున గడ్డకట్టి ఉన్న నేల కరగకుండా 1.2 నుంచి 2.4 మీటర్ల మందాన కంకర పోసి కట్టిన రోడ్డు అది. ఎండ కాస్తే దుమ్ము, వాన పడితే బురద, అంతకు మించి భయమేమీ లేదు. 369వ కిలోమీటరు దగ్గర ఈగిల్ ప్లెయిన్స్ వచ్చేదాకా బంకు ఉండదు కనుక బయలుదేరే ముందే ట్యాంకు నింపుకోండి. పీల్, మెకెంజీ నదుల మీద వంతెనలు లేవు, వేసవిలో బండిని ఫెర్రీ మీద దాటించాలి. గోదావరి పంటు ఎరిగిన మీ నాన్నగారికి అది కొత్తేమీ కాదు.

కృష్ణాతీరం: ముందు అద్దె ఒప్పందం చదవండి. చాలా సంస్థలు ఈ రోడ్డును పేరు పెట్టి మరీ నిషేధిస్తాయి. నిషేధం ఉండగా వెళితే బీమా చేతికి రాదు. మేము అనుమతి ఉన్న బండినే తీసుకున్నాము. అయినా ముందు అద్దం చిట్లిందనీ, లోపల దుమ్ము పట్టిందనీ చెప్పి డిపాజిట్ అంతా ఉంచేసుకున్నారు.

లెత్‌బ్రిడ్జ్ మెకానిక్: అద్దం సంగతి తరువాత చూద్దాము. టైర్లలో గాలి ఎంత పెట్టారు? అక్కడి పదునైన పలకరాళ్లు టైర్లను కోస్తాయి కనుక గాలి తగ్గించమని చాలామంది సలహా ఇస్తారు. కానీ నీళ్లు, సామాను, మనుషులతో నిండిన ఆర్వీకి గాలి తగ్గిస్తే టైరు వేడెక్కి పగులుతుంది. కొన్ని అద్దె ఆర్వీలకు స్టెప్నీ కూడా ఉండదు, అడిగి చూడండి.

వైట్‌హార్స్ బాటసారి: గాలి కొద్దిగా తగ్గించి నెమ్మదిగా నడిపితే ఏమీ కాదు. కృష్ణాతీరం గారు డిపాజిట్ పోయిన కోపాన్ని రోడ్డు మీద చూపిస్తున్నారు.

లెత్‌బ్రిడ్జ్ మెకానిక్: కొద్దిగా అంటే ఎంత?

సస్కటూన్ చిన్నోడు: దోమల గురించి ఒక్కరూ చెప్పరేమిటి?

కృష్ణాతీరం: బాటసారి గారూ, నా కోపం డిపాజిట్ గురించి అనుకుంటే అలాగే అనుకోండి. తలుపు సందుల్లోంచి వచ్చిన బూడిదరంగు దుమ్ము పప్పు డబ్బా మూత కింద కూడా చేరితే, బండి ఆగిన ప్రతిచోటా మగవాళ్లు బయట కుర్చీలు వేసుకుని అర్ధరాత్రి కూడా అస్తమించని సూర్యుణ్ణి మెచ్చుకుంటూ కూర్చుంటే, ఉన్న కాసిని నీళ్లతో పొయ్యి గట్టు కడిగి, షుగర్ ఉన్న మామగారికి ఒకటి, పిల్లలకు ఒకటి వండి పెట్టినది నేను. ఇల్లు వెంట వస్తుందని మీరు సంబరపడుతున్నారు. వెంట వచ్చే ఆ వంటిల్లు ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఇక్కడ ఒక్కరూ అడగలేదు.

వైట్‌హార్స్ బాటసారి: అది మీ ఇంటి సంగతి, రోడ్డుదేమీ తప్పు లేదు. పెద్దవాళ్లను మరుగుదొడ్డి లేని కారులో అన్ని గంటలు కూర్చోబెట్టమంటారా?

కృష్ణాతీరం: ఈగిల్ ప్లెయిన్స్‌లో గదులూ, భోజనమూ దొరుకుతాయి, దారిలో క్యాంపు గ్రౌండ్ల దగ్గర మరుగుదొడ్లు ఉన్నాయి, ఇన్సులిన్‌కు చిన్న ఐస్ పెట్టె సరిపోతుంది. బయటి తిండి ముట్టనని ఆ తల్లి అన్నారా, కొడుకే అనుకున్నాడా?

కాల్గరీ కాపురం: అమ్మే అన్నదండీ. ఆర్వీలో వంట కూడా తానే చేస్తానంటోంది. మా ఆవిడ మాత్రం ఈ చర్చ అంతా చదివి, వైట్‌హార్స్ నుంచి విమానంలో ఇనువిక్ వెళ్లి అక్కడ కారు అద్దెకు తీసుకుందామంటోంది. అలా వెళితే నదులు దాటే ముచ్చట పోతుందని నా బాధ.

కృష్ణాతీరం: తానే వండుతానని అనని తల్లి ఎక్కడైనా ఉందా? ఆవిడ వంట చేయడానికి సముద్రం దాటి వస్తున్నారా?

వైట్‌హార్స్ బాటసారి: వండటం ఆవిడకు ఇష్టమైతే మీకేమిటి అభ్యంతరం?

లెత్‌బ్రిడ్జ్ మెకానిక్: ఇనువిక్‌లో కారు తీసుకున్నా టుక్టోయాక్‌టుక్ రోడ్డు కంకరదే. అక్కడైనా గాలి చూసుకుని బయలుదేరండి. బాటసారి గారు నా ప్రశ్నకు ఇంకా జవాబు చెప్పలేదు.