డప్పు వేగం పెరిగితే డ్యాన్సులో లిఫ్ట్ (ఒకరు ఇంకొకర్ని పైకెత్తడం) తప్పుతోంది, ఎట్లా కుదర్చాలి?
నల్లగొండలో ఇద్దరి కాంటెంపరరీ డ్యాన్స్ డ్యూయెట్‌కు సొంతంగా పాట కట్టించాం. తాళం మిశ్రచాపు, అంటే ఏడు దెబ్బలది, 3+4, నిమిషానికి 96 దెబ్బలు. డప్పు స్టేజీ మీదే లైవ్. నాలుగో దెబ్బకు ఇద్దరూ మోకాళ్లు వంచాలి, ఐదుకు అమ్మాయి ఎగరాలి, ఏడుకు అబ్బాయి భుజం మీదికి చేరాలి. ఐదు నుంచి ఏడుకు 1.25 సెకన్లు. డప్పు ఊపందుకుని 104కు పోతే 1.15 సెకన్లే మిగులుతాయి. అప్పుడు అమ్మాయి దగ్గరికి రాకముందే అబ్బాయి చేతులు చాచి ఎత్తేస్తున్నాడు, బరువంతా అతని నడుము మీద పడుతోంది. ఇది నిజంగా ప్రమాదం.

డప్పు కళాకారుడి చెవిలో క్లిక్ (వేగం చెప్పే టిక్ టిక్ శబ్దం) పెడితే వేగం నిలుస్తుంది గానీ ఊపు పోతుంది, అది నాకు ఒప్పదు. లిఫ్ట్ ఉన్న ఆవర్తంలో (ఏడు దెబ్బల ఒక చుట్టులో) డప్పు ఆపి ఊపిరి లెక్కతో ఎత్తించాలా? లేక మోకాళ్లు వంగడం చూసి ఆయనే ఐదో దెబ్బ వేయాలా? లైవ్ వాద్యంతో లిఫ్టులు చేసినవాళ్లు జర చెప్పండి.